కానోపీ లోపలి రంగు

సాయంత్రం నాలుగు గంటలకు ప్రియాంకను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తరువాత ఆమె వెళ్లేది జైలుకే. పరశురాములు స్టేషన్ మెట్లెక్కేసరికి పదకొండూ పది అయింది.

వరండాలో బెంచీ మీద ఆ పిల్ల తల్లి లక్ష్మీనర్సమ్మ కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం మహబూబ్‌నగర్‌లో అతని గది వెతుక్కుంటూ వచ్చి, “పోలీసుల పనిచేసి బయటికొచ్చినోళ్లు మీరేనట గదా” అని కేసు అప్పజెప్పింది ఈమే. అతన్ని చూడగానే లేచింది.

“సారూ, నా బిడ్డ సోమవారం నాడు రెండుంబావుకు నా ముంగట కూసోని అన్నం తిన్నది. నేను చెప్తే, తల్లివి గదా, గట్లనే చెప్తవంటున్నరు. తల్లి ముంగట తినక ఎవరి ముంగట తింటది?”

పరశురాములు ఆమెను కూర్చోమన్నాడు. లోపలికి నడిచాడు.

“పది నిమిషాలే సార్,” అన్నాడు కానిస్టేబుల్ పరమేష్. “సీఐ సార్ షెడ్డు కాడున్నడు. తెలిస్తే నా పని అయిపోతది.”

ప్రియాంకకు ఇరవయ్యారేళ్లు. గోళ్ల అంచుల్లో బూడిదరంగు ఇంకా పోలేదు. నాలుగేళ్లుగా జడ్చర్ల దగ్గరి ఒక షెడ్డులో బొమ్మ విమానాలు తయారు చేస్తోంది. బొమ్మలంటే పిల్లలాడుకునేవి కావు. నిజం విమానాన్ని కొలతకు కుదించి, మూడడుగుల్లో నిలబెట్టే నమూనాలు. ఆ షెడ్డు యజమాని నరహరి. ఆత్మకూర్ వైపు నేత కుటుంబంలో పుట్టి, మగ్గం వదిలేసి, ఈ పనిలో పేరు తెచ్చుకున్నవాడు. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకూ మూడింటికీ మధ్య, తన రంగుల గదిలోనే, తల వెనక, చెక్క బిగించే ఇనుప క్లాంపుతో కొట్టిన దెబ్బకు చనిపోయాడు. ఫోన్ ఎత్తడం లేదని భార్య వసంతలక్ష్మి అయిదూ పదికి వచ్చి చూసేదాకా ఎవరికీ తెలియలేదు.

“సోమవారం ఒంటిగంటకు ఏమైంది?”

“లొల్లి అయింది సార్.”

“దేనికి?”

“నా పేరుకు. రెండేండ్ల సంది కానోపీలన్నీ నేనే చేస్తున్న. కింద సంతకం మాత్రం సార్‌ది. గీ ఒక్కదానికన్న నా పేరు రాయుండ్రి అన్న. ‘నేర్పినోని పేరే ఉంటది’ అన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“‘నేర్పినోని చెయ్యి వణుకుతాంది గాబట్టి నన్ను వెట్టుకున్నడని గూడ రాయుండ్రి’ అన్న.” తల వంచుకుంది. “గా మాట అనొద్దుండె.”

“బయటపడ్డది ఎన్నిటికి?”

“ఒంటిగంటా ఇరవైకి. కోపంల ఫోను గూడ చార్జింగ్‌ల ఇడిచిపెట్టి పోయిన. సీదా బస్సెక్కి ఇంటికి పోయిన.”

“టికెట్?”

“జీరో టికెట్ గదా సార్. పైసలియ్యని టికెట్ ఎవరు దాచుకుంటరు? దిగంగనే పారేసిన.”

ఆమె ఫోన్ సాయంత్రం దాకా షెడ్డులోనే ఉన్నట్టు టవర్ చెబుతోంది. ఆమె బస్సులో ఉన్నట్టు చెప్పాల్సిన కాగితం ఏ గాలికి పోయిందో తెలియదు. పరశురాములు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“కానోపీ ఎట్ల చేస్తరో చెప్పు. నీ దగ్గర పని నేర్చుకోనికి వచ్చిన అనుకో.”

ఆమె ముఖం మారిపోయింది. రెండు రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న అది.

“కానోపీ అంటే పైలట్ మీది అద్దం కప్పు సార్. మన దాంట్ల అద్దం గాదు, ప్లాస్టిక్. దాని మీద చట్రం గీతలుంటయి. రంగు చట్రం మీద పడాలె, అద్దం మీద పడొద్దు. మొత్తం టేపు అంటిస్తం. కొత్త బ్లేడుతోటి గీతల ఎంబడి కోసి, చట్రం మీది టేపు మట్టుకు తీస్తం. అప్పుడు ఎయిర్ బ్రష్, గాలితోటి రంగు చిమ్మేది. గాలి తక్కువ వెట్టాలె. మంచు వడ్డట్టు పల్చగ పడాలె. ఒక్కసారే తడిగ కొడితే రంగు టేపు కిందికి పాకుతది.”

“ఏ రంగు?”

“ముందు నలుపు. ఆరినంక దాని మీద బూడిద రంగు.”

“విమానం బూడిద రంగే గదా. నలుపెందుకు?”

ఆమె మొదటిసారి నవ్వింది. “ప్లాస్టిక్ ఆర్‌పార్ కనిపిస్తది గదా సార్! లోపలికెల్లి చూస్తే ముందు కొట్టిన రంగే అవుపడ్తది. అసలు విమానంల చట్రం లోపట నల్లగుంటది, బయట బూడిద. తెల్వనోళ్లు ఒక్క బూడిద కొట్టి ఊకుంటరు. గప్పుడు లోపట గూడ బూడిదనే.”

“షెడ్డులో ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?”

“సార్‌కు, నాకు. సార్ పొద్దుగాల ఆరింటికే వచ్చి నలుపు కొట్టి, దాని మీద పల్చగ బూడిద కప్పేటోడు. పదింటికి అందరొచ్చేటాళ్లకు బూడిదనే కనిపించాలె. అందరొచ్చినంక తలుపు అద్దంలకెల్లి చూస్తుంటే మిగతా బూడిద కొట్టేటోడు. రెండేండ్ల సంది నేను గూడ గట్లనే చేస్తున్న. నలుపు డబ్బ తాళంల ఉంటది.”

“ఎవరి నుంచి అంత దాపరికం?”

“వెంకటరాజం సార్ నుంచి. మా సార్‌కు పెదనాయిన కొడుకు. షెడ్డు పెట్టిన్నాటి సంది రెక్కలు, బాడీ అంతా ఆయననే చేస్తడు. కానోపీ మాత్రం ముట్టనియ్యడు. ‘ఇంట్లోడు నేర్చుకుంటే రేపు పక్కనే ఇంకో షెడ్డు పెడ్తడు. పరాయిదానివి, నీకు నేర్పితే ఏం గాదు’ అనేటోడు.”

ఆ మాటను పరశురాములు మనసులో ఒకచోట పెట్టుకున్నాడు.

“రంగు కొట్టినంక?”

“పూర్తిగ ఎండకముందే టేపు లాగాలె. మీదికి గాదు, పడుకోబెట్టి వెనకకు లాగాలె. లేకుంటే అంచు చిరుగుతది. తర్వాత కానోపీని వార్నిష్‌ల ముంచి ఒక రాత్రి డబ్బ బోర్లించి ఆరబెడ్తం. చివరికి తెల్ల బంకతోటి అంటిస్తం.”

“సూపర్ గ్లూ వాడరా?”

“అయ్యో, కానోపీకా? దాని ఆవిరికి ప్లాస్టిక్ అంతా పాలపొర కమ్ముతది సార్. అది బాడీ పనికి. వెంకటరాజం సార్ బల్ల మీద ఉంటది.”

పరమేష్ తలుపు దగ్గర దగ్గాడు. పదకొండూ ఇరవయ్యయిదు.

*

షెడ్డు ముందు పోలీసు జీపు. జీపుకు ఆనుకుని సీఐ శ్రవణ్‌కుమార్.

పరశురాములు అతన్ని చూసిన ప్రతిసారీ ముందు చూసేది ముఖం కాదు. చొక్కా మడత. పదకొండేళ్ల కిందట హుజూర్‌నగర్‌లో ఇద్దరూ ఒకే కేసు మీద పనిచేశారు. పరశురాములు ఎస్సై, శ్రవణ్‌కుమార్ అతని కింద శిక్షణలో ఉన్న కుర్రవాడు. నలభై రోజులు పొలాలెంట తిరిగి దోషిని పట్టింది పరశురాములు. ఆ నలభై రోజుల కథను చక్కటి దస్తూరిలో ఆరు పేజీల నివేదికగా రాసింది శ్రవణ్‌కుమార్. పై అధికారులకు దోషి కనిపించలేదు, నివేదిక కనిపించింది. పతకం అందుకున్నవాడి చొక్కా ఆ రోజు కూడా ఇలాగే, గీత గీసినట్టు ఇస్త్రీతో ఉంది. రెండేళ్లకు పరశురాములు ఉద్యోగం మానేశాడు. ఆరోగ్యం బాగాలేదని రాసిచ్చాడు. ఒకరకంగా అది అబద్ధం కాదు. ఎదుటివాడి చొక్కా మడతలు కంఠతా వచ్చేదాకా చూడడం కూడా జబ్బే.

“రా అన్నా,” అన్నాడు శ్రవణ్‌కుమార్. ఎవరూ లేనప్పుడు అన్నా, నలుగురిలో పరశురాములు గారు. “పరమేష్ నీకు పది నిమిషాలిచ్చిండంట. నేనైతే ఇర్వయ్ ఇస్తుంటి.”

తెలిసిపోయిందన్నమాట. తెలిసినా కోప్పడడం లేదు. పరశురాములుకు అన్నిటికంటే మండేది అదే.

“ఒకసారి గది చూస్త.”

“చూడు. ఫోరెన్సిక్ వాళ్లు చూసిన్రు, నేను చూసిన. నువ్వు గూడ చూస్తే నిమ్మలమైతది.” శ్రవణ్‌కుమార్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. “చూడన్నా. సోమవారం మిగతా పనోళ్లకు సెలవు. ఉన్నది ముగ్గురే. ఒంటిగంటా అయిదుకు నరహరి హైదరాబాద్ గిరాకీకి ఫోటో పంపిండు. అందుల కానోపీ మీద పచ్చ టేపే ఉంది, రంగు లేదు. ఒంటిగంటా పదిహేనుకు వెంకటరాజం మహబూబ్‌నగర్ పోయిండు, సామాను కోసం. ఒంటిగంటన్నర నుంచి మూడు లోపల నరహరి పోయిండు. అయిదూ ఇరవైకి మేమొచ్చేసరికి రంగు కొట్టి, టేపు తీసి, కానోపీ విమానానికి అంటించి ఉంది. ఎంత తొందరగ చేసినా రెండు గంటల పని. చచ్చినోడు చెయ్యడు గదా? ఆ పని వచ్చినోళ్లు ఈ షెడ్డుల ఇద్దరే. ఒకడు సచ్చిండు.”

“చంపినంక కూసోని కానోపీ ఎందుకు చేస్తది ఆ పిల్ల?”

“నా పేరు రాయాలె అని కొట్లాడింది గదా. తన పనిని తాను పూర్తి చేసుకుంది. నువ్వే చెప్పేటోనివి, కేసుల మనసు చూడాలె అని. నీ దగ్గర నేర్చుకున్నదే.”

తన మాటే వాడి నోట్లో నున్నగా, మెరుగుపెట్టినట్టుగా ఉంది. పరశురాములు లోపలికి నడిచాడు.

షెడ్డు ముందు భాగమంతా చెక్కపొట్టు, రెక్కలు, విమానాల మొండేలు. వెనక తలుపుకు జానెడు అద్దం ముక్క. ఆ తలుపు వెనక రంగుల గది. పది అడుగులకు పది. ఒక బల్ల, కంప్రెషర్, భూతద్దం బిగించిన దీపం. నేల మీద సుద్దగీత. బల్ల మీద రెండు సీట్ల బూడిదరంగు శిక్షణ విమానం.

ఎయిర్ బ్రష్‌ను ముందు చూశాడు. విప్పి, థిన్నర్‌తో కడిగి, సూది తుడిచి, కొక్కానికి తగిలించి ఉంది. పని మీద ప్రేమ ఉన్నవాళ్లు చేసే పద్ధతి. తొడుక్కున్న గ్లవ్స్ బుట్టలో ఉన్నాయి.

దీపం వెలిగించి కానోపీ మీదికి వంచాడు. జానెడు పొడుగు. చట్రం గీతలు వెంట్రుక మందం తేడా లేకుండా నిండి ఉన్నాయి. ఎక్కడా రంగు పాకలేదు. అంచు ఎక్కడా చిరగలేదు. చెయ్యి తిరిగిన మనిషి. అంతవరకు శ్రవణ్‌కుమార్ చెప్పింది నిజమే.

తోక వైపు నుంచి తలవంచి, అద్దంలోంచి చట్రం లోపలి వైపు చూశాడు. బూడిద రంగు. ఎక్కడా నలుపు లేదు.

ఇంకా కిందికి వంగాడు. అద్దమంతా పల్చని తెల్లపొర.

“సోమవారం నువ్వు తీసిన ఫోటో ఉందా?”

శ్రవణ్‌కుమార్ ఫోన్ చూపించాడు. అయిదూ ఇరవయ్యయిదు. అందులో కానోపీ నీళ్లలా తేటగా ఉంది.

“ఇప్పుడిట్ల ఎందుకుంది?”

“దుమ్మన్నా. మూడు రోజులాయె.”

“ఊఁ,” అన్నాడు పరశురాములు.

దుమ్ము పైన పడుతుంది. ఇది లోపల ఉంది. సూపర్ గ్లూ ఆవిరి. వార్నిష్‌లో ముంచకుండా, తెల్ల బంక పెట్టకుండా ఎవరో ఆదరాబాదరాగా అంటించారు. మూసిన కప్పు కింద ఆవిరి తిరిగి తిరిగి పేరుకుంది. పోలీసు శిక్షణలో ఇదే పని కావాలని చేస్తారు. వేలిముద్రలు దొరకని వస్తువును పెట్టెలో పెట్టి ఈ ఆవిరి పట్టిస్తే, చెమట అంటిన చోట తెల్లగా గడ్డకట్టి ముద్ర లేస్తుంది.

దీపాన్ని ఏటవాలుగా తిప్పాడు. కానోపీ కుడి అంచున, లోపలి వైపు, ఒక బొటనవేలు. గీతలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. వాటిని మధ్యలో అడ్డంగా కోస్తూ ఒక పాత గాటు.

గ్లవ్స్‌తో సూపర్ గ్లూ పట్టుకుంటే గ్లవ్సే అంటుకుపోతాయి. అందుకే అంటించినవాడు ఆ చివరి పనికి చేతులు ఒట్టివి చేసుకున్నాడు.

పరశురాములు దీపం ఆర్పాడు. వెనక శ్రవణ్‌కుమార్ ఉన్నాడు. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. చిన్నతనంలో చక్కెర బిళ్లను నాలుక కింద దాచుకున్నట్టు ఆ ముద్రను లోపల దాచుకున్నాడు. స్టేషన్లో ఒక తల్లి బెంచీ మీద గడియారం చూస్తోందని తెలిసీ దాచుకున్నాడు. వాడు ఇంకా పది నిమిషాలు తప్పులో నిలబడాలి. పదకొండేళ్లకు అదొక పది నిమిషాలు.

*

వెంకటరాజాన్ని సాక్షి సంతకాల కోసం పిలిపించి ఉన్నారు. యాభై ఒక్కేళ్ల మనిషి. ముందు భాగంలో తన బల్ల దగ్గర స్టూల్ మీద కూర్చుని, ఒక సగం చెక్కిన రెక్కను ఒళ్లో పెట్టుకుని, తువ్వాలతో తుడుస్తూ ఉన్నాడు.

“మీ తమ్ముడు పోయినందుకు బాధగ ఉంది,” అన్నాడు పరశురాములు.

“ఏం జేస్తం సార్. పదిహేడేండ్లు ఒక్క కప్పు కింద పనిచేసినం.”

“సోమవారం మీరు ఎన్నిటికి పోయిన్రు?”

“ఒకటింబావుకు. సీఐ సార్‌కు చెప్పిన.”

“మహబూబ్‌నగర్ దుకాణంల మీ బిల్లు మీద నాలుగూ యాభై ఉంది. నేను పొద్దున పోయి చూసొచ్చిన. అరగంట తొవ్వ. మూడు గంటలు ఏం జేసిన్రు?”

“అన్నం తిన్న. దుకాణపాయన లేడంటే కూసున్న.”

“ఎక్కడ తిన్నరు?”

“బస్టాండ్ కాడ.”

“ఏం తిన్నరు?”

తువ్వాల ఒక్క క్షణం ఆగింది. “యాదికి లేదు సార్. తమ్ముడు పోయిన దినం ఏం తిన్ననో ఎట్ల యాదికుంటది?”

“అప్పటికింక పోయిండని మీకు తెల్వదు గదా.”

“ఇప్పుడు అంతా కలగలిసిపోయింది సార్,” అన్నాడు వెంకటరాజం. గొంతు తడిగా ఉంది. ఆ తడి నటన కాదు. పరశురాములుకు అదే ఆసక్తిగా అనిపించింది. ఏడుపు నిజమే. దాని పక్కనే ఇంకేదో కూడా నిజం.

“కానోపీ పని మీకు రాదా?”

“నేను బాడీ మనిషిని. పదిహేడేండ్లల ఒక్క కానోపీ ముట్టలే.”

“నేర్చుకోవాలని లేకుండెనా? ఈ కాలంల ఫోన్ల అన్నీ దొరుకుతయి.”

“ఇంట్ల ఉన్న విద్యను ఫోన్ల అడుక్కోవాల్నా సార్?” మాట కొంచెం గట్టిగా వచ్చింది. వెంటనే తగ్గించాడు. “తలుపు అద్దంల చూసేటోణ్ణి. కండ్లకు అడ్డం లేదు గదా.”

పరశురాములు ఆ మనిషిని నిదానంగా చూశాడు. జానెడు అద్దంలోంచి పదిహేడేళ్లు. అవతలివాడి మణికట్టు ఎట్లా తిరుగుతుందో, ఊపిరి ఎక్కడ బిగబట్టుకుంటాడో, అన్నీ కంఠతా. ఇష్టపడ్డవాళ్లు అంతగా చూడరు, ఓర్వలేనివాళ్లే చూస్తారు. ఈ మనిషికి తమ్ముడి చెయ్యి ఎట్లానో, తనకు ఇస్త్రీ మడత అట్లా.

అడగాల్సిన ప్రశ్న ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. అది ప్రశ్న కాదు.

“శ్రవణ్, ఇటు రా. వెంకటరాజం గారూ, మీరు గూడ.”

ముగ్గురూ రంగుల గదిలోకి వచ్చారు. కాగితాలతో స్టేషన్ నుంచి వచ్చిన పరమేష్ తలుపు దగ్గర నిలబడ్డాడు. పరశురాములు కానోపీ వైపు గడ్డం ఎత్తి, బజారులో బేరం కుదరని వంకాయను చూసినట్టు చూశాడు.

“ఇది చేసినోళ్లకు పని రాదు.”

“ఏమంటున్నవ్?” అన్నాడు శ్రవణ్‌కుమార్.

“చూస్తే తెలుస్తలేదా? నరహరి దగ్గర రెండు దినాలు ఊడ్చినోడు గూడ ఇంతకన్న మంచిగ చేస్తడు. మోటు పని. చేతికి నేర్పు లేదు. గా పిల్ల స్టేషన్ల ఏమన్నదో తెలుసా? ‘ఇసొంటిది నేను చేస్తే చెత్తల పారేస్తుంటి సార్’ అన్నది.”

వెంకటరాజం నేల వైపు చూస్తున్నాడు.

“అంచులు చూడు,” పరశురాములు వేలు పెట్టి చూపించాడు. “చిరిగినయ్. టేపు లాగుడు గూడ రాలే. బట్ట చింపినట్టు చింపిండు.”

“ఎక్కడ చిరిగింది?”

ఆ గొంతు సన్నగా ఉంది. వెంకటరాజం తల ఎత్తాడు.

“గిక్కడ, గిక్కడ. మొత్తం చిరిగింది.”

“చిరగలే సార్. మంచిగ చూడుండ్రి.”

“నాకు కనిపిస్తాంది గదా. చేతకానోడు చేసిన పని.”

“చిరగలేదంటున్న గదా!” బల్ల ముందున్న స్టూల్ పక్కకు పడింది. వెంకటరాజం దీపం వెలిగించి, కానోపీ మీదికి లాగాడు. వేలు చట్రం వెంట, తాకకుండా, వెంట్రుకవాసి ఎడంలో పరుగెత్తింది. “చూడుండ్రి! గిదేమన్న చిరిగిందా? ఎండకముందే, పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టి లాగితే ఎట్ల చిరుగుతది? నరహరి చేసిందాని పక్కన పెట్టుండ్రి. ఏది ఎవరిదో చెప్పుండ్రి సూస్త! ఒక్కడు గూడ చెప్ప...”

మాట ఆగిపోయింది.

వెంకటరాజం తన వేలినే చూసుకుంటున్నాడు, అది ఇంకొకరిది అయినట్టు.

ముందు తేరుకున్నది శ్రవణ్‌కుమార్. “అద్దంల చూసిండు గదా అన్నా. చూసింది చెప్తుండు. కోర్టుల ఇది నిలవదు.”

“చూసినందుకే పట్టుబడ్డడు,” అన్నాడు పరశురాములు. “ఒకసారి వెనక నుంచి చూడు. చట్రం లోపల ఏ రంగు?”

“బూడిద.”

“నల్లగ ఉండాలె. ముందు నలుపు కొట్టి, దాని మీద బూడిద కొట్టాలె. నరహరి పొద్దున ఆరింటికి తలుపేసుకుని నలుపు కొట్టేటోడు. పదింటికి వచ్చి అద్దంల చూసినోనికి బూడిదే కనిపిస్తది. ప్రియాంక చేస్తే కండ్లు మూసుకుని చేసినా ముందు నలుపే. ఇది పదింటికి వచ్చేటోని పని.”

వెంకటరాజం పెదవులు కదిలాయి. “ముందు నలుపా?” అన్నాడు మెల్లగా. పట్టుబడినందుకు కాదు, ఆ మాటకు అతని ముఖం పాలిపోయింది. “నాకు చెప్పనే లేదు. పదిహేడేండ్లు. లోపట ఒక రంగు ఉంటదని చెప్పనే లేదు.”

“బొటనవేళ్లు చూపించు,” అన్నాడు పరశురాములు. దీపాన్ని ఏటవాలుగా తిప్పి, శ్రవణ్‌కుమార్ భుజం పట్టుకుని కిందికి వంచాడు. “అది దుమ్ము గాదు. సూపర్ గ్లూ ఆవిరి. నీ ఫోటో తీసినప్పటికి ఇంక కమ్మలే. అంటే నాలుగు గంటలప్పుడు అంటించిండు. కుడి అంచున లోపల చూడు.”

శ్రవణ్‌కుమార్ చాలాసేపు చూశాడు. తరువాత వెంకటరాజం చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. బొటనవేలి మీద పాత బ్లేడు గాటు, అడ్డంగా.

ఇరవై సెకన్లు. పరశురాములు ఆ ముఖంలో ఒక్కొక్క మడత నలగడం చూశాడు. కడుపునిండా చూశాడు.

“‘ఒక్కసారి పట్టనియ్యిరా తమ్మీ’ అన్న సార్,” వెంకటరాజం ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. నేల మీది సుద్దగీతను చూస్తూ చెబుతున్నాడు. “ఒకటింబావుకు బయటపడ్డ గనీ, గా పిల్ల అలిగి బస్సెక్కుడు చూసి మళ్లొచ్చిన. ‘ఇయ్యాల నేను కొడ్త, నువ్వు పక్కన నిలబడు’ అన్న. ‘నీది మగ్గం చెయ్యి అన్నా, మోటు చెయ్యి’ అని నవ్విండు. పిల్లగాణ్ణి నవ్వినట్టు నవ్వి ఇటు తిరిగిండు. గంతే సార్. పడ్డడు. పోవాలె అనుకున్న. పోతుంటే బల్ల మీద గా కానోపీ కనిపించింది. టేపు కోసి, తయారుగ. గదిల ఎవరు లేరు.” బల్ల వైపు చూశాడు. “గది నాదైంది.”

రెండున్నర గంటలు. తమ్ముడి శవం పక్కన కూర్చుని, మంచు పడ్డట్టు పల్చగా రంగు కొట్టిన మనిషి. పరశురాములుకు భయం వేయలేదు. ఆ రెండున్నర గంటల ప్రశాంతత ఎట్లా ఉంటుందో తనకు అర్థమవుతోందని తెలిసినప్పుడు మాత్రం చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

*

పన్నెండూ యాభై. పరమేష్ వెంకటరాజానికి బేడీలు వేసి గోడ పక్కన కూర్చోబెట్టాడు. శ్రవణ్‌కుమార్ పరశురాములును తలుపు దగ్గరికి పిలిచాడు. ముఖం మళ్లీ ఇస్త్రీ అయిపోయింది.

“అన్నా, రెండు తొవ్వలున్నయ్.”

“చెప్పు.”

“రిమాండ్ కాగితాలు తయారైనయ్. ఆ పిల్లను ఆపాలంటే నేను ఎస్పీ సార్‌కు కారణం చెప్పాలె. బయటి మనిషి వచ్చి సీలేసిన గదిల వేలిముద్ర కనిపెట్టిండంటే మొదటి ప్రశ్న, నిన్నెవరు లోపలికి రానిచ్చిన్రు అని. రెండోది, ఆ ముద్ర నువ్వే పెట్టినవేమో అని. ల్యాబుకు పంపాలె. పదిహేను దినాలు. అప్పటిదాక పిల్ల లోపలుంటది.”

“రెండోది?”

“మళ్లీ తనిఖీకి వచ్చినప్పుడు నేను చూసిన. నాకు అనుమానమొచ్చింది, వెంకటరాజాన్ని అడిగిన, ఒప్పుకుండు. ఇప్పుడే ఫోన్ చేస్త. అరగంటల పిల్ల ఇంటికి పోతది.” గొంతు తగ్గించాడు. “నీ ఫీజు ఎట్లైనా ఆ తల్లి ఇస్తది గదా.”

ఆ చివరి మాటలో వెటకారం లేదు. నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. పరశురాములు గడియారం చూసుకున్నాడు. పదిహేను రోజులు. లక్ష్మీనర్సమ్మ బెంచీ మీద కూర్చుని ఉంటుంది. పది నిమిషాలు ఆమెనుంచి తాను ముందే కాజేశాడు.

“నువ్వే కనుక్కున్నవని రాయి,” అన్నాడు.

“అన్నా...”

“రాయి. దస్తూరి మంచిగుంటది గదా.”

శ్రవణ్‌కుమార్ ఫోన్ తీశాడు. “సార్, నమస్తే సార్. ఆ జడ్చర్ల కేసు సార్. కానోపీ మీద పొర చూసి నాకు మొదటినుంచీ అనుమానంగనే ఉండె సార్...” మాట్లాడుతూ బల్ల దగ్గరికి నడిచాడు. ముద్ర ఎక్కడుందో ఎస్పీకి వర్ణించి చెప్పడానికి, భూతద్దం దీపం కిందికి, విమానం మీదికి వంగాడు. “ముందు నలుపు కొట్టాలె సార్. అదే వాడు చేసిన తప్పు. అవును సార్. థాంక్యూ సార్. ఆ అమ్మాయిని ఇప్పుడే వదిలిపెట్టమని చెప్త సార్.”

ఆమె విడుదలైంది. పరశురాములు ఆ మాట చెవులారా విన్నాడు. సంతోషం కోసం లోపల తడుముకున్నాడు. చేతికి తగల్లేదు.

అతని ముందు రెండడుగుల దూరంలో, వెలుగులో, శ్రవణ్‌కుమార్ మెడ వంగి ఉంది. కాలరుకూ జుట్టుకూ మధ్య, చెవి వెనక, నున్నగా గీసిన మూడు వేళ్ల జాగా. పరశురాములు దాన్ని చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో అతనికి తెలియదు. చెయ్యి బల్ల అంచున ఉంది. వేళ్ల కింద చల్లగా, బరువుగా ఏదో ఇనుప సామాను. దాన్ని ఎప్పుడు పట్టుకున్నాడో కూడా తెలియదు.

“సార్.”

పిలుపు గోడ పక్కనుంచి వచ్చింది. వెంకటరాజం మోకాళ్ల మీద బేడీల చేతులు పెట్టుకుని అతని వైపే చూస్తున్నాడు. శ్రవణ్‌కుమార్‌కు వినపడనంత మెల్లగా, ఒక పనివాడు ఇంకో పనివాడికి చెప్పినట్టు అన్నాడు:

“చేతులున్నది ఇడిచిపెట్టుండ్రి సార్. నాకు గూడ గంత సేపే పట్టింది.”